యాభై దాకా

మే నెల. హన్మకొండ బస్టాండ్ల
బస్సు దిగంగనే ఆమె అడిగింది నీళ్లు.
బాటిల్ సగం చేసినంక,
నీ ఇంగ్లీషు ఎక్కడిది అన్నది.
నెక్కొండ సర్కారు బడిదన్న.
"నాది హంగరీల ఒక పల్లె. సినిమాలు చూసి నేర్చుకున్న"
నవ్వింది ఎస్తేర్.
అప్పుడు నా గుండెదడ కొంత తగ్గింది:
ఇద్దరం అరువు బట్టలేసుకొనే
ఈ పెండ్లికి పోతున్నమన్నట్టు.

ఆమె చదివే యూనివర్సిటీ ఒక సర్టిఫికెట్ ఇస్తదట.
మా కాకతీయ నాకొకటి ఇస్తది:
వేసవి సేవ, నలభై రోజులు, దుబాసి.

తాడ్వాయి దాటినంక అడవి, అడవి దాటినంక గూడెం.
పిల్లలు పదిగంటలకు వచ్చేటోళ్లు,
తెల్లారకముందే తునికాకు తెంపి,
వేళ్లకు నల్లటి జిగురుతోని.
పట్టుకున్న చాక్‌పీసులన్నీ సాయంత్రానికి
బీడీ ముక్కల్లెక్క అయ్యేవి.

ఎస్తేర్ బొమ్మల అట్టలు తెచ్చింది.
ఎస్ అంటే స్నో.
నేను మంచు అన్న.
ఇర్ప భాగ్య, పదకొండేండ్ల పిల్ల,
నా తెలుగును కోయల పెట్టి అందరికీ చెప్పేది.
నా ఒక్క ముక్కకు ఆమె ఇంత పొడుగు చెప్పింది,
అందరూ పకపక నవ్విన్రు.
ఏం చెప్పినవే?
"కిరాణం సేటు ఫ్రిజ్జు లోపల గీకితే రాలేది."

ఇంకో రోజు నీళ్లకు వాటర్.
"మేం ఏరు అంటం" అన్నది భాగ్య.
నాకు ఏరంటే పారేది.
వాళ్లకు తాగేది కూడా అదే.
ఎస్తేర్ చెప్పింది: "మా ఇంట్ల వీజ్."
వీజ్ వీజ్ అని ఈగల్లెక్క ముసిరిన్రు పిల్లలు.
ఆ పూట ఇంగ్లీషు జరగలేదు.

అంకెలు మాత్రం ఒక్క రోజుల పట్టేసిన్రు.
వన్ నుంచి ఫిఫ్టీ దాకా, తప్పు లేకుండ.
ఎస్తేర్ ఆశ్చర్యపోయి తల్లికి మెసేజ్ పెట్టింది,
ఇంత చురుకు పిల్లలను నేనెక్కడా చూడలేదని.
నేనేం చెప్పలే.
కట్టకు యాభై ఆకులు.
నాలిక కంటె ముందు వాళ్ల వేళ్లకు తెలుసు ఆ పాఠం.
ఫిఫ్టీ కాడ అందరూ ఒక్కసారే ఆగేటోళ్లు,
చేతులు దారం కోసం వెతికేవి.

ఆఖరి వారం కల్లం కాడికి పోయినం.
మున్షీ భాగ్య కట్టను ఎగరేసి పట్టి
"తక్కువున్నయ్" అన్నడు.
పిల్ల కూసుండి దారం ఇప్పింది.
ఒక్కొక్క ఆకు నేల మీద పరుస్తూ
గట్టిగ, బడిల చెప్పినట్టే,
వన్, టూ, త్రీ...
కల్లంల ఆడోళ్లు ఇటు తిరిగిన్రు.
ఎండ కూడ ఆగి విన్నట్టుండె.
ఫార్టీనైన్. ఫిఫ్టీ.

మున్షీ నవ్విండు.
"నాకే ఇంగ్లీషు చెప్తవా? సరే, లెక్క సరే.
వందకు ఐదు కట్టలు మీదికెల్లి ఇయ్యాలె.
రివాజు."
తీసి పక్కకు పెట్టుకున్నడు,
తన ఇంట్ల సామాను తీసుకున్నంత నెమ్మదిగ.

ఎస్తేర్ నా చెయ్యి పట్టుకొని, ఏమంటున్నడన్నది.
నా కొలువే అది. దుబాసి.
రివాజుకు నాకు రెండు మాటలు తెలుసు.
ఒకటి నిఘంటువుల ఉంటది.
రెండోది కూడ ఉంటది, దొంగతనం అనే పేజీల.
మున్షీ నా దిక్కే చూస్తుండె.
"కస్టమ్" అన్న.
ఎస్తేర్ తలూపింది.
జేబుల చిన్న పుస్తకం తీసి
ఆ మాట రాసుకున్నది, కింద గీత గీసి.

భాగ్య ఆకులు ఏరుకుంటనే అడిగింది,
తల ఎత్తకుండ:
"అక్కా, యాభై తర్వాత ఏమంటరు?"

ఆ ప్రశ్న నలభై రోజుల ఎవ్వరూ అడగలే.
మేమూ చెప్పలే.

ఫిఫ్టీ వన్ అన్న.
రెండోసారి గట్టిగ అన్న.
అప్పటికి కట్టలు లారీ మీదున్నయ్.